పాకం దాటిన ప్లేటు

1957 జూలై. ఖరగ్‌పూర్‌లో నేనొక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా డాక్టర్ ఘోష్‌గారు కలకత్తాలో వైరస్ పరీక్షలు నేర్చుకుని వచ్చారు. ఆయన ఉత్సాహం నాకూ అంటుకుంది. కానీ నేను ఫిట్టర్ కొడుకుని. రైల్వే వర్క్‌షాప్ కూత వినబడితే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి భోజనానికి లేచిపోయేవాణ్ణి.

మా ఊళ్లోనే తాల్‌బగీచా పేటలోని ఒక హాస్టల్లో రెండు రోజుల్లోనే సగం మంది పిల్లలు జ్వరంతో, వాంతులతో మంచం పట్టారు. నింద వంటమనిషి తవిటమ్మ మీద పడింది. పాడైన చేపలు వండిందని వార్డెన్ తేల్చేశాడు. శనివారంలోగా వేరే కారణం దొరక్కపోతే ఆమె వెళ్లిపోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ వంటిల్లే ఆమె ఇల్లు.

ఘోష్‌గారికి మాత్రం ఫ్లూ అని అనుమానం. జబ్బు పిల్లల చేతా, ఆరోగ్యంగా ఉన్న కొందరి చేతా ఉప్పునీళ్లు పుక్కిలింపించి, ఆ నీళ్లను లోపల పిల్ల ఎదుగుతున్న కోడిగుడ్లలోకి ఎక్కించాం. మూడో రోజు, గురువారం, గుడ్లలోని నీరు తీసి గుంటల ప్లేటులో కోడి ఎర్రకణాలతో కలిపాను. దీన్ని హిమాగ్లుటినేషన్ టెస్ట్ అంటారు. ఎర్రకణం ఒంటినిండా సన్నని చక్కెర గొలుసులుంటాయి, వాటి కొసన సయాలిక్ యాసిడ్ అనే చక్కెర ఉంటుంది. మన గొంతు కణాల మీదా ఇదే ఉంటుంది. ఫ్లూ వైరస్ వెతికి పట్టుకునేది దీన్నే. వైరస్ ఉంటే కణాలన్నీ అతుక్కుని గుంట అడుగున చాపలా పరుచుకుంటాయి. లేకపోతే జారిపోయి గుండీలా ఒకచోట చేరతాయి. గంటలోపే చూడాలి.

ఇంతలో కూత వేసింది. ఇంటికెళ్లి తిని, ఒక కునుకు తీసి వచ్చాను. గుంటలన్నిటా గుండీలే. ‘వైరస్ లేదు’ అని రాసేశాను.

సాయంత్రం తవిటమ్మ వచ్చి ల్యాబ్ మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. పరీక్ష ఎలా చేశానో మొత్తం చెప్పించుకుంది.

“అయితే బాబూ, ఆ పలక ఎప్పుడు సూసినారు?”

“భోజనం చేసొచ్చాక.”

“ఏటి బాబూ, పాకం పొయ్యి మీదెట్టి ఎవులైనా బోజనానికెల్తారా? తీగపాకం కాసేపే ఉంటాది. దాటిపోనాక ఎంత సూసినా కానరాదు.”

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఈ సంగతి నేను పుస్తకంలో చదివిందే. ఆ వైరస్‌కి న్యూరామినిడేజ్ అనే కత్తెర కూడా ఉంటుంది. వెచ్చగా ఉంటే తను పట్టుకున్న చక్కెరను తనే కత్తిరించి కణాన్ని వదిలేస్తుంది. ఆ మధ్యాహ్నపు ఉక్కలో చాప కాస్తా గుండీ అయిపోయి ఉండొచ్చు.

“దాదా, తప్పు నాది,” అన్నాను ఘోష్‌గారితో.

“ఠీక్ హై. రుజువు చూపించు,” అన్నారాయన.

శుక్రవారం అదే గుడ్ల నీటితో కొత్త ప్లేటు కలిపి మంచు మీద పెట్టాను. కూత వేసింది. నేను కదల్లేదు. తవిటమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని, నన్నూ ప్లేటునూ మార్చి మార్చి చూస్తోంది. ముక్కాలు గంటకల్లా జబ్బు పిల్లల గుంటల్లో చక్కటి చాప పరుచుకుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల గుంటల్లో గుండీలే. తర్వాత, నిన్న పట్టు వదిలేసిన కణాలను కడిగి మళ్లీ అదే వైరస్ పోశాను. ఈసారి అతుక్కోలేదు. పట్టుకోవడానికి చక్కెర మిగిలితే కదా. నిన్న పోలిక కోసం అదే వేడిలో వైరస్ లేకుండా ఉంచిన కణాలకు ఆ వైరస్ పోస్తే మాత్రం గట్టిగా అతుక్కున్నాయి. నా తప్పే నాకు సాక్ష్యం చెప్పింది. ఆ సంతోషంలో ఆకలి కూడా తెలియలేదు.

శనివారం ఉదయం ఘోష్‌గారు రిపోర్టు తీసుకుని స్వయంగా హాస్టల్‌కి వెళ్లారు. వార్డెన్ దాన్ని రెండుసార్లు చదివి, అందరి ముందూ తవిటమ్మతో “తప్పయిపోయింది, దీదీ” అన్నాడు. ఆమె “పిల్లలకి గంజి టైమయింది” అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ప్లేటు చూడాల్సిన వేళ దాటనిచ్చింది లేదు. ‘లేదు’ అని రాసే ముందు, నేను చూసింది సరైన వేళకేనా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం అలవాటైంది. పరీక్ష నేర్పింది ఘోష్‌గారు. ఆ ప్రశ్న నేర్పింది తవిటమ్మ. హాస్టల్ గొడవ ముగిసిన నెలకు ఆమె ఒక డబ్బా నిండా కొబ్బరి ఉండలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అప్పుడే కూత వేసింది. నేను లేవబోయాను.

“ఉండండి బాబూ,” అని, కడిగి బోర్లించిన ప్లేటు వైపు ఒకసారి తొంగి చూసి, “ఇప్పుడెల్లండి,” అంది.