పావుగంట వంతు

మొన్న మా నరసరావుపేట ఇంట్లో స్నానాల గదిలో పంపు సన్నగా వస్తుంటే ప్లంబరుని పిలిపించాము. అతను సంచిలోంచి పానా తీసేలోపే మా ఆయన గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, పైపు మీద చెంచాతో రెండు దెబ్బలు కొట్టి, "ఇక్కడ గాదబ్బాయ్, ఆ మలుపు దగ్గర గాలి పట్టింది, అక్కడ విప్పు" అన్నాడు. విప్పితే నిజంగానే బుస్సుమంది. "సార్ ఇంతకుముందు ఈ పనే చేసేవాళ్ళా?" అని ఆ అబ్బాయి నన్ను గుసగుసగా అడిగాడు. విత్తనాల కంపెనీలో ఉద్యోగమని చెబితే నమ్మినట్టు లేదు. పనంతా అయ్యాక మూలనున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి తీసి, "ఇది పారేస్తానమ్మా, చెవి కూడా విరిగింది" అన్నాడు. నేనూ మా ఆయనా ఒక్కసారే "ఆగు ఆగు" అని అరిచాం. పాపం, బెదిరిపోయి మగ్గుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు అది ఎర్ర మగ్గు. ఇప్పుడు ఏ రంగో నేనూ చెప్పలేను.

ఆ మగ్గు సంగతి చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. నాన్న వకీలు గుమాస్తా. కోర్టు వరండాలో ముప్ఫయ్యేళ్ళు గడిపిన మనిషి కాబట్టి ఇంట్లో కూడా ఆయన మాట్లాడటమనేది ఉండేది కాదు, విచారించటమే ఉండేది. నా పెళ్ళిచూపులనాడు అబ్బాయి జీతమెంతో అడగలేదు. "మీ ఊళ్ళో నీళ్ళు ఎట్లా?" అని అడిగాడు. అబ్బాయిది గురజాల వైపు పల్లె, సాగర్ పిల్లకాలవకి చిట్టచివర. "వస్తే వస్తాయండి, రాకపోతే రావు" అన్నాడు ఆ మహానుభావుడు, తల కూడా ఎత్తకుండా. అక్కడితో ఆ సంబంధం పోవాల్సిందే. మా మేనత్తని అలాంటి ఊరికే ఇచ్చారు. మైలు దూరం నుంచి బిందెలు మోసి మోసి నలభయ్యేళ్ళకే ఆమె నడుం వంగిపోయింది. తన చెల్లెలి నడుం చూసినప్పుడల్లా నాన్న మొహం ఎటో తిప్పుకునేవాడు. అబ్బాయి ఉద్యోగం హైదరాబాదులో అని తెలిశాకే కాస్త మెత్తబడి, "చూడు బాబూ, నా కూతురు బిందె మొయ్యకూడదు. మోసిందని తెలిస్తే ఆ రోజే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. "మొయ్యనీను మావయ్యగారూ" అని ఈయన మాటిచ్చాడు. అందరూ నవ్వారు, నాన్న నవ్వలేదు.

హైదరాబాదులో మేము చేరింది ఒక సన్నటి ఇల్లు. కింద ఓనరు పెద్దాయన, ఆ పైన అంతస్తుకొకటి చొప్పున నాలుగు కాపురాలు. మాది అన్నిటికన్నా పైన, లిఫ్టు లేదు. మా నెత్తిమీద డాబా, డాబా మీద నల్లటి ట్యాంకు. మా నరసరావుపేటలో అయితే వీధిలో ఎవరింట్లో ఏం కూరో పొద్దున పదికల్లా తెలిసిపోయేది. ఇక్కడ తలుపులన్నీ మూసే ఉంటాయి. నాకేమో కుతూహలం ఆగదు. మెట్లు ఎక్కుతూ దిగుతూ గుమ్మాల ముందు చెప్పుల్ని బట్టి మనుషుల్ని ఊహించుకునేదాన్ని. మొదటి అంతస్తులో నడిస్తే కీచుమనే పసిపిల్ల చెప్పులు. మూడో అంతస్తులో నాలుగు జతల బూట్లు, అబ్బో ఆ వాసన, పెళ్ళికాని కుర్రాళ్ళని వేరే చెప్పాలా? రెండో అంతస్తులో మాత్రం తలుపు కాస్త తెరిచి ఉండేది. ఆ ఇంటావిడ పాలమూరు వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. మొదటి రోజే "ఏం చెల్లె, ఏ ఊరు మీది?" అని పలకరించి నాకు అక్క అయిపోయింది.

మొదటి రెండు నెలలూ పంపు తిప్పితే చాలు, నీళ్ళు. ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. మెట్లు కూడా కడిగాను. మా ఆయన మాత్రం అరబకెట్టుతో స్నానం ముగించేవాడు, మిగతా సగం నేను చూడకుండా మొక్కల కుండీలో పోసేవాడు. నేను పంపు తిప్పటం, ఆయన వెనకే వచ్చి కట్టెయ్యటం. "ఇది మీ ఊరు కాదండీ" అంటే, "నీళ్ళకి ఊరేందే" అనేవాడు. పిసినారి మొగుణ్ణి కట్టుకున్నానని లోపల్లోపల అనుకున్నాను కూడా.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున పంపు తిప్పితే దగ్గింది. మర్నాడు దగ్గటం కూడా మానేసింది. రోజూ ఆరింటికి ఓనరుగారు మోటారు వేస్తారు, నీళ్ళు మా నెత్తిమీది ట్యాంకులోకే దబదబా పడుతుంటాయి, ఆ చప్పుడు మాకు వినపడుతూనే ఉంటుంది, ఇంట్లో మాత్రం చుక్క రాదు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళేముందు నాలుగు బిందెలు కిందనుంచి మోసి పెట్టేవాడు. అవి అయిపోతే? ఆయనకి చెప్పకుండా నేనే దిగి, నేలలోని నీళ్ళతొట్టి, ఆ సంపు దగ్గర పట్టుకుని, నడుమున పెట్టుకుని ఎక్కేదాన్ని. రెండో అంతస్తులో ఆయాసంతో ఆగితే అక్క గబుక్కున వచ్చి, బిందె లాక్కుని, మిగతా మెట్లు తనే ఎక్కించేది. ఆ సమయానికే నాన్న ఫోను. "నీళ్ళు బాగా వస్తన్నాయా?" "చానా వస్తన్నాయి నాన్నా." "రోజుకెన్ని గంటలు?" "ఇరవై నాలుగు." "రాత్రిపూట కూడానా?" ఆయన అడిగేకొద్దీ నా అబద్ధాలు పెరిగేవి. చివరికి ఒక గురువారం, "ఆదివారం పొద్దున వస్తన్నా. ఒకసారి చూడాలనిపించింది" అన్నాడు. నాన్న అన్నంత పనీ చేసే మనిషి. నన్ను తీసుకెళ్ళటం ఒక ఎత్తు, మా ఆయన్ని మాట తప్పినవాడని నలుగురిలో అనటం ఇంకో ఎత్తు.

మా ఆయనకి భయం కంటే ముందు ఆశ్చర్యం పట్టుకుంది. "కాలవకి మొదట్లో ఉన్నోళ్ళం మనం. తూము మన నెత్తినే ఉంది. మరి మనకి రాకుండా చివరోళ్ళకి ఎట్లా పోతన్నాయే?" అని పైపుల వెంట పడ్డాడు. వాళ్ళ ఊళ్ళో కాలవగట్టు వెంట నడిచి ఎక్కడ గండి పడిందో చూసేవారట, అలాగే గోడ వెంట పైపుకి చెవి ఆనిస్తూ పైకీ కిందికీ తిరిగాడు. మూడో అంతస్తు కుర్రాళ్ళు ఆయన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. ఆయన డాబా మీద, నేను వంటింట్లో, మధ్యలో ఫోను. "వస్తన్నాయా?" "లేదు." "ఇప్పుడు?" "గాలి వస్తంది." "ఎట్లాంటి గాలి?" "గాలిలో రకాలుంటాయా ఏంది!" "ఉంటాయే. లోపలికి పీలుస్తందా, బయటికి కొడతందా?" చెయ్యి అడ్డం పెట్టి చూద్దును కదా, నిజంగానే నా అరచేతిని లోపలికి పీలుస్తోంది! ఆ క్షణాన నాకు కూడా సరదా పుట్టింది. మోటారు చప్పుడు వినగానే కింద నాలుగిళ్ళ వాళ్ళూ ఒక్కసారే పంపులన్నీ తిప్పి డ్రమ్ములు పట్టుకుంటున్నారు. అది మా వాటా నీళ్ళని కూడా కిందికి లాగేసుకుంటోంది. "మొదలూ చివరా అనేది దూరాన్ని బట్టి కాదే" అంటూ దిగొచ్చాడు, పదో తరగతి ప్యాసైన పిల్లాడి మొహంతో. వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత ఆశ అన్నాను. "ఆశ కాదే, భయం. రేపు వస్తాయో రావో అని. మా ఊళ్ళో కూడా పైవాళ్ళు అట్లనే మింగేస్తారు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చివరి పొలాల వాళ్ళు మాత్రమే చెయ్యగలిగింది. కాలవ కాపలా ఉండే లస్కరు చూడనప్పుడు పైవాళ్ళ తూములో గోనెసంచి కుక్కి వస్తారట వాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ డాబా మీదికెళ్ళి, మా ఇంటికి పైపు చీలిన చోటుకి దిగువన, కింది ఇళ్ళకి నీళ్ళు వెళ్ళే వాల్వుని ముప్పాతికదాకా కట్టేసి వచ్చాడు. శనివారం పొద్దున మా వంటింట్లో నీళ్ళు పడ్డాయి చూడండీ, ఏం చప్పుడు, ఏం ధార! బిందెలు, బకెట్లు, ప్రెషర్ కుక్కరు, పసుపు కుంకుమల గిన్నెలు కూడా నింపేశాను. తలుపు చప్పుడైంది. అక్క. చంకలో ఖాళీ బిందె. "చెల్లె, మీకు నీళ్ళొస్తున్నయా? మాకు సన్నగ దారం లెక్క వచ్చి బందైనయ్. కిందామె పసిపిల్లకు విరేచనాలంట, బట్టలు ఉతకనీకి లేవు. ఒక్క బిందె ఇస్తవా?" అంది. నింపిన గిన్నెలన్నీ ఆమె కళ్ళముందే ఉన్నాయి. ఒక్కమాట అడగలేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రెండు బిందెలిచ్చి, ఒకటి నేనే మోసి, మొదటి అంతస్తుదాకా దిగాను. కీచు చెప్పుల పిల్లని మొదటిసారి అప్పుడే చూశాను, తల్లి భుజం మీద వాడిపోయి పడుకుని ఉంది.

పైకొచ్చి ఆయనకి చెప్పాను. వినీ వినకముందే డాబా మీదికి బయల్దేరాడు, వాల్వు తెరవటానికి. ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "రెండు రోజులు ఉండనివ్వండి. నాన్న వెళ్ళిపోయాక తెరుద్దురు గానీ" అన్నాను. ఆ పిల్లని చూసొచ్చిన నోటితోనే అన్నాను. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, "మీ నాన్న తీసుకెళ్తే తీసుకెళ్ళనీ. ఇట్లా నిన్ను ఉంచుకోలేను" అని మెట్లెక్కాడు.

సాయంత్రం ఆయన ఒక్కో తలుపూ తట్టి, వాల్వు తిప్పింది తనేనని చెప్పుకొచ్చాడు. ఓనరుగారు ఇల్లు ఖాళీ చెయ్యమనేదాకా వెళ్ళారు. మెట్ల మీదికి అందరూ చేరారు. ఆ తిట్లన్నీ పడి, మా ఆయన తల గోక్కుంటూ, వాళ్ళ ఊరి వంతు పద్ధతి చెప్పాడు. ఎవరి వంతు వాళ్ళది, గడియారం చూసుకుని తడుపుకుంటారు, అయిపోగానే చేతిలో పార తర్వాతి వాడికిస్తారు, పార లేనివాడు పొలంలోకి నీళ్ళు మళ్ళించే మడవ ముట్టుకోడు. "పావుగంటకొక ఇల్లు. ఒక్కళ్ళు తిప్పితే ధార లావుగా వస్తుంది, పావుగంటలో డ్రమ్ము నిండుతుంది. వంతు ఖాయమైతే ఎవరికీ భయం ఉండదండీ" అన్నాడు. మూడో అంతస్తు కుర్రాడొకడు లోపలికెళ్ళి పార బదులు ఎర్ర మగ్గు తెచ్చాడు. "వంతు ఎక్కణ్ణుంచి మొదలు?" అని ఓనరుగారు అడిగారు. మా ఊళ్ళో చివరివాళ్ళ నుంచి అని ఈయన గొణిగాడు. "ఓహో, అంటే మీ ఇంటి నుంచే!" అన్నారాయన. మా ఆయన మొహం నల్లబడింది. "వద్దండీ. మాది ఆఖరు పెట్టండి" అన్నాడు. ఆఖరంటే ఏడు దాటాక. నాన్న ఆరింటికల్లా ఇంట్లో ఉంటాడు! నేను గోడకి ఆనుకుని ఏడుపు దిగమింగుతున్నాను. నా వైపు చూసింది అక్క ఒక్కతే. నాన్న సంగతి ఆమెకి ముందే చెప్పుకున్నాను. "రేపటికి వాళ్ళకే ముందియ్యుండ్రి. ఈ చెల్లె మెట్లమీద ఎన్ని బిందెలు మోసిందో నాకెరుక" అంది. ఆ మాటతో మా ఆయన చటుక్కున నా వైపు తిరిగాడు. నేను కూడా మోస్తున్నానని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఆదివారం నాన్న ఆరూ పదికి వచ్చాడు. వచ్చీరాగానే స్నానాల గదిలోకెళ్ళి, పంపు మీద చెయ్యివేశాడు. మేమిద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. మగ్గు మా దగ్గరుంది, నిజమే, కానీ కింద నాలుగిళ్ళలో ఏ ఒక్కళ్ళు పంపు తిప్పినా అంతే సంగతులు. మోటారు మోగుతోంది. కీచు చెప్పుల పిల్ల తల్లి ఆగుతుందా? మమ్మల్ని తిట్టిన ఓనరు ఆగుతాడా? నాన్న పంపు తిప్పాడు. ఒక దగ్గు. తర్వాత ధార. నాన్న కాళ్ళు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, పళ్ళు తోముకున్నాడు, అంతా అయ్యాక "బాగానే వస్తన్నాయే" అన్నాడు, కేసు ఓడిపోయిన పార్టీ తరఫు మనిషిలాగా. నేను గడియారం చూస్తున్నాను. ఆరుంబావు అయింది. నాన్న పేపరుకోసం కిందికి వెళ్తానంటే మా ఆయన మగ్గు చేతిలో పెట్టి, "మావయ్యగారూ, పోతా పోతా మూడో అంతస్తు తలుపుకి దీన్ని తగిలించండి" అన్నాడు. అడగకూడని మనిషిని అడిగాడు! నాన్న మగ్గుని అటూ ఇటూ తిప్పి చూసి, దిగాడు. పేపరు తేవటానికి గంట పట్టింది.

రెండు రోజులూ నీళ్ళ మాటే ఎత్తలేదు. సోమవారం సాయంత్రం బస్సెక్కబోతూ, మా ఆయన సంచి బస్సులో పెట్టటానికి వెళ్ళినప్పుడు, "అమ్మాయ్, మీ ఇంట్లో నీళ్ళు రావటం లేదు గదా" అన్నాడు. "నేను మగ్గు తగిలించబోతే రెండో అంతస్తు అమ్మాయి బిందె పట్టుకొని మెట్లమీద నిలబడి వాచీ చూస్తావుంది. లోపల పంపు ఉంది, తిప్పితే వస్తాయి, తిప్పలా. ఎందుకమ్మా అని అడిగితే పైన ఒకళ్ళ నాయన వచ్చిండు, కాళ్ళు కడుక్కోనీ అంది. అందరినీ విచారించా. నువ్వు బిందెలు మోసిన సంగతీ తెలిసింది." కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మా చెల్లెలికి అట్లా ఆగినోళ్ళు ఒక్కళ్ళు లేరమ్మా. నువ్వుండు" అన్నాడు. బస్సు వెళ్ళిపోయినా నేను అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన వచ్చి, ఏం జరిగిందో తెలియక, "మీ నాన్న నిన్ను తీసుకెళ్ళటం లేదా?" అని అడిగాడు.

ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు మగ్గుని అక్కే మా సామానులో పెట్టింది. నాన్న మాత్రం ఆ తర్వాత బతికినంతకాలం ఫోను చేసినప్పుడల్లా నీళ్ళు వస్తున్నాయా అని అడగలేదు. "మగ్గు ఇప్పుడెవరి దగ్గరుందమ్మా?" అని అడిగేవాడు. మొన్న ప్లంబరు వెళ్ళిపోయాక పంపు నిండుగా వస్తుంటే నేనూ ఆయనా చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆయన లేచి, "పావుగంట అయిందే" అని కట్టేశాడు. మగ్గు ఇప్పుడు మా దగ్గరే ఉంది నాన్నా, మెట్లమీద వాచీ చూస్తూ మా కోసం ఆగినవాళ్ళ పావుగంటలోనే ఈ పదహారేళ్ళూ గడిచిపోయినట్టుంది.