బొటనవేలి కింద మనిషి

కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సును వేములవాడ ఇవతల పోలీసులు ఆపారు. నక్సలైటు అన్నల కోసం అడుగడుగునా వెతికే రోజులవి. నా పక్కన కూర్చున్న మగ్గాల పనివాడి సంచిలోంచి ఒక పడుచు కానిస్టేబుల్ చిన్న అట్టల కట్ట బయటికి తీశాడు. సిగరెట్ డబ్బాలు కత్తిరించి, బొమ్మలు గీసి, ఒక పక్కన నూలుతో కుట్టినవి.

"ఏందిది?"

"మనిషి, సార్. బొటనేలితోని గబగబ ఇడువుండ్రి, పెరుగుతడు."

కానిస్టేబుల్ బొటనవేలి కింద నుంచి అట్టలు ఒక్కొక్కటే గబగబా వదిలాడు. నేనూ మెడ చాచాను. తొట్టెలలోని పసివాడు చేపయ్యాడు. చేపకు రెక్కలొచ్చాయి. రెక్కలు రాలి పడుచువాడు నిలబడ్డాడు. వాడి గడ్డం నెరిసి, నూలుపోగులా సాగి, వాణ్ణే మళ్లీ తొట్టెలలోకి లాక్కుపోయింది.

కానిస్టేబుల్ నవ్వాడు. మళ్లీ తిప్పాడు. ఈసారి పడుచువాడి దగ్గర వేలు అదిమిపెట్టాడు. ఆ బొమ్మదీ అతనిదీ ఇంచుమించు ఒకే వయసు.

"గీడనే ఆపితె?"

"ఆపితె ఫోటో అయితది సార్. మనిషి గాడు."

కానిస్టేబుల్ కట్టను రెండు చేతులతో తిరిగిచ్చి బస్సు దిగిపోయాడు.

ఆ తర్వాత ఎన్ని ఇళ్ల గోడల మీద చూశానో, దండ వేసిన పడుచు మొహాలు. అడవికి పోయినవాళ్లవీ, ఖాకీ తొడుక్కున్నవాళ్లవీ. వాటి ముందు నిలబడితే ఇప్పటికీ నా బొటనవేలు దానంతటదే కదులుతుంది.