మాట్లాడగలిగేంత వేగం

డిపోలో ఆయన్ని అందరూ ‘నిదానం’ అనేవారు. ముప్పై ఏళ్ల పైచిలుకు బస్సు నడిపిన మనిషికి అది మెప్పో వెక్కిరింతో ఎవరూ తేల్చలేదు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డవాడి చేతిలో టీ కూడా తొణకదని కొందరనేవారు. ఆయన బండి ఎక్కితే ఆ పూటకిక ఇల్లు చేరినట్టేనని ఇంకొందరు. రెండు మాటలకీ ఆయన ఒకే నవ్వు నవ్వి ఊరుకునేవాడు.

ఒక ఉదయం బస్సు నిండా జనంతో వంతెన దిగుతుండగా ఎడమ దవడ లాగినట్టయింది. ఆ వెంటనే ఎవరో లోపల్నుంచి ఛాతీని పట్టి పిండుతున్నంత నొప్పి. ఆయన బండిని మెల్లగా పక్కకి తీశాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. తలుపులు తెరిచాడు, ఇంజను కట్టేశాడు. అప్పుడు స్టీరింగు మీద తల వాల్చాడు.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఏంటన్నా, టైరు పోయిందా?"

"టైరు కాదురా, నేనే."

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేసి పంపారు. పెద్ద బండి ఇక నడపకూడదన్నారు. భార్య జబ్బు చేసి పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. దూరంగా వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు పరుగున వచ్చి, కొన్నాళ్లుండి, అన్నకి ఇంత వండిపెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి, మంచాన పడ్డ అత్తగారి కోసం తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారం ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి పంపారు. పొడవాటి హాలు. గోడ వెంట కుర్చీల్లో రోగులు, ఒక్కొక్కరి పక్కన నీళ్ల సీసా పట్టుకుని ఒక భార్యో, కొడుకో, కోడలో.

"మీ వీధి బాగా ఎత్తంటున్నారు కదంకుల్, ఇప్పుడే ఆ ఎత్తు ఎక్కొద్దు. ప్రస్తుతానికి ఇంట్లోనే చేద్దాం," అంది ఆ అమ్మాయి. చెప్పడమే కాదు, ఎదురుగా నిలబడి తానూ చేసి చూపించింది. "ముందు ఒళ్లు మెల్లగా వేడెక్కాలి. భుజాలు తిప్పండి, ఉన్నచోటే అడుగులు వెయ్యండి. ఆ తర్వాతే మోకాళ్లు కాస్త పైకెత్తడం. పక్కకో అడుగు, మళ్లీ ఇటో అడుగు. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం. గెంతులొద్దు. ఊపిరి బిగబట్టొద్దు. తిన్న వెంటనే చెయ్యొద్దు. ఆపేటప్పుడు ఠక్కున ఆపకండి, తగ్గించుకుంటూ రండి."

"బస్సు ఆపినట్టు."

"అదే! మీకు నేను చెప్పక్కర్లేదు."

"ఎంత వేగమో ఎలా తెలుస్తుందమ్మా? నాడి పట్టి చూసుకోనా?"

"మీరు వేసుకునే మాత్రలు నాడిని తగ్గిస్తాయి, ఆ లెక్క మీకు కుదరదు. ఇంకో సులువుంది. చేస్తూ మాట్లాడండి. రెండు మూడు వాక్యాలు ఆగకుండా చెప్పగలిగితే అదే మీకు సరైన వేగం. హాయిగా పాట పాడేస్తుంటే ఇంకాస్త పెంచొచ్చు. మాటమాటకీ రొప్పొస్తే తగ్గించాలి. ఛాతీలో నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా, చల్లటి చెమటలు పట్టినా ఆపేసి కూర్చుని ఫోను చెయ్యాలి. తలుపు గడియ పెట్టుకోకండి. మొదట్లో పక్కన మనిషి ఉన్నప్పుడే చెయ్యండి. ఇంట్లో ఎవరుంటారు?"

"మా చెల్లెలు," అన్నాడాయన.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. అంతమంది నీళ్ల సీసాల మధ్య ‘ఎవరూ లేరు’ అనడానికి నోరు రాలేదు, అంతే.

మర్నాడు పొద్దున్నే బల్ల గోడవారకి జరిపాడు. కుర్చీ జారకుండా దాన్ని గోడకి ఆనించాడు. బూట్లు వేసుకుని లేసులు బిగించాడు. తలుపు తీసి ఉంచుదామనే అనుకున్నాడు గానీ, మెట్లెక్కే వాళ్లు ఈ వయసులో బడిపిల్లాడిలా ఉన్నచోటే కవాతు చేస్తున్న తనని తొంగిచూస్తారనిపించి ప్రాణం చచ్చిపోయింది. గడియ పెట్టాడు.

అడుగులు మొదలయ్యాయి. కాసేపటికి మాట్లాడాలని గుర్తొచ్చింది. నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. దగ్గి, సవరించుకుని మళ్లీ ప్రయత్నించాడు. అప్పుడు తెలిసింది, నిన్న మధ్యాహ్నం కొట్లో సబ్బు అడిగాక మళ్లీ తను ఎవరితోనూ పెదవి విప్పి మాట్లాడలేదని. ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడాలి? ఎవరితో? "బాగున్నావా?" అన్నాడు గోడని చూసి. గోడకున్న క్యాలెండరు ఫ్యాను గాలికి రెపరెపలాడింది. సిగ్గేసింది. చివరికి నోటికొచ్చిన వాటినే అందుకున్నాడు. "డిపో తర్వాత కోర్టు. కోర్టు తర్వాత పాత మార్కెట్టు. పాత మార్కెట్టు దాటితే నీళ్ల ట్యాంకు, అక్కడ బడిపిల్లలు ఎక్కుతారు..." రూటు సగం అయ్యేసరికి ఒళ్లు చెమర్చింది. మాట తడబడలేదు. పర్వాలేదనుకున్నాడు.

అలా కొన్ని వారాలు బాగానే సాగింది. ఎక్కువ చెయ్యలేదు, మానలేదు. ఒంటికి అలవాటు పడుతున్న కొద్దీ కాస్త కాస్త పెంచుకుంటూ పోయాడు.

ఇంతలో లాకరు తాళంచెవి ఇచ్చెయ్యడానికి డిపోకి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేసరికి తను నడిపిన బండే గేటు దాటుతోంది. స్టీరింగు దగ్గర ఎవరో కొత్త కుర్రాడు. తనకి తెలియకుండానే రెండడుగులు ముందుకు వేశాడు. "పక్కకి జరగండి పెద్దాయనా, బండి వస్తోంది కనబడట్లా?" అని అరిచాడు గేటు దగ్గర మనిషి. వాడూ కొత్తవాడే. ఆయన జరిగాడు. తాళంచెవి ఆఫీసు కిటికీలోంచి ఇచ్చేశాడు. లోపలున్నవాడు తలెత్తకుండానే అందుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ ‘పెద్దాయనా’ అన్న అరుపు చెవిలోంచి పోలేదు. టీవీలో కండలు తిరిగిన కుర్రాడొకడు డప్పుల హోరులో గెంతుతూ వ్యాయామం చేయిస్తున్నాడు. ‘నేను మాత్రం తక్కువ తిన్నానా’ అనుకుని ఆయనా గెంతడం మొదలుపెట్టాడు. ఒళ్లు వేడెక్కించే ఓపిక లేదు, మాట్లాడి చూసుకునే ధ్యాస లేదు. కాసేపటికి గది గిర్రున తిరిగింది. కుర్చీ అందుకోబోతే చేతికి గాలే తగిలింది. మోకాళ్ల మీద కూలబడి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

చెంప కింద గచ్చు చల్లగా ఉంది. పై వాటాలో ఎవరో కుర్చీ జరుపుతున్నారు. మెట్ల మీద ఎవరో పకపకా నవ్వుతూ దిగిపోయారు. పిలుద్దామంటే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. తలుపు వైపు చూశాడు. గడియ నిలబడ్డ మనిషికి ఛాతీ ఎత్తున ఉంటుంది. కింద పడున్నవాడికి అందదు.

కాసేపటికి తల తిరుగుడు తగ్గింది. పాకి వెళ్లి, తలుపు పట్టుకుని లేచి, గడియ తీశాడు. తీసి అక్కడే గుమ్మంలో కూర్చున్నాడు. అటుగా వెళ్తున్న ఎదురింటావిడ "తాళంచెవి పోయిందాండీ?" అని అడిగింది. "లేదండీ, గాలికి కూర్చున్నా," అన్నాడు. ఇన్నేళ్లుగా ఆవిడ చెప్పుల చప్పుడు తెలుసు గానీ పేరు తెలియదు.

కాస్త తేరుకున్నాక ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండెకేమీ కాలేదన్నాక, ఆ అమ్మాయి ముందు కూర్చుని ఉన్న మాట చెప్పేశాడు. చెల్లెలు లేదని, తలుపేసుకున్నానని, గెంతానని. ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"సరే, మళ్లీ మొదట్నుంచి మొదలుపెడదాం. కుర్చీ తలుపు దగ్గరే వేసుకోండి. తలుపు ఓరగా తీసుంచండి. ఫోను జేబులో ఉండాలి. ఎవరైనా చూస్తే చూడనివ్వండి. ఇక మీరు మొదలుపెట్టారనీ, ముగించారనీ తెలిసే మనిషి ఒకరు కావాలి. పక్కనే ఉండక్కర్లేదు, తెలిస్తే చాలు."

"ఎవరో ఒకరుంటార్లేమ్మా."

"ఎవరో ఒకరు కాదంకుల్. ఫలానా మనిషి అని ఉండాలి."

ఆ ఫలానా మనిషెవరో తోచక ఆ సాయంత్రమంతా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలికి చేశాడు. పడిపోయానని చెప్పగానే అవతల ఏడుపు. "ఇక్కడికొచ్చెయ్ అన్నయ్యా, నా మాట విను..." వెనక నుంచి అత్తగారి మూలుగు వినబడింది. "ఉండన్నయ్యా, మళ్లీ చేస్తా." ఆ నెత్తిన ఇంకో బరువు పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

మిగిలింది కండక్టరు. ఏళ్ల తరబడి ఒకే బండిలో తిరిగినా వాళ్లు మాట్లాడుకుంది తక్కువ. మధ్యలో జనం. అవసరమైన సంభాషణంతా బెల్లే చేసేది: రెండు కొడితే పోనీ, ఒకటి కొడితే ఆపు. ఆయన వాడి నంబరు నొక్కాడు.

"అన్నా! ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. నీతో చిన్న పని."

"చెప్పు."

"ఏం లేదులే."

"బండిలో ఉన్నానన్నా, జనం మీద పడిపోతున్నారు. తొందరగా చెప్పు."

చెప్పాడు. అవతల కండక్టరు నవ్వాడు. "ఓస్, దీనికేనా? మిస్డ్ కాల్ ఇచ్చెయ్. మొదలెట్టేటప్పుడు రెండు, ఆపేటప్పుడు ఒకటి. మన బెల్లే కదా!"

ఆ రోజు నుంచి అదే పద్ధతి. పొద్దున్నే తలుపు ఓరగా తీసి, రెండు సార్లు రింగు చేసి కట్ చేసేవాడు. భుజాలు తిప్పి, అడుగులు మొదలుపెట్టి, స్టాపులన్నీ చెప్పుకుంటూ చివరి స్టాపు దాకా వెళ్లి, మెల్లగా నడక తగ్గించి, ఒక రింగు ఇచ్చేవాడు. అవతల ఎవరూ ఎత్తేవారు కారు. ఎత్తకూడదనే కదా ఒప్పందం. అయినా ఆ రింగు అవతల ఒకరి జేబులో మోగుతోందన్న ఊహ రోజంతటికీ సరిపోయేది.

ఒకరోజు రెండు రింగులు ఇచ్చాక ఫోను చార్జింగు అయిపోయింది. ఆ పూట చివరి రింగు ఇవ్వడం మరిచిపోయి ఆయన అది చూసుకోలేదు. వ్యాయామం అయింది, స్నానం అయింది, అన్నం అయింది. సాయంత్రం ఫోను చూస్తే ఆరిపోయి ఉంది. పాపం వాడెంత కంగారు పడుతున్నాడో! చార్జింగు పెట్టి ఆన్ చేశాడు. ఎవరూ ఫోను చెయ్యలేదు. ఎవరూ తలుపు తట్టలేదు కూడా. మొదలైన బండి ఆగలేదని ఎవరూ గమనించలేదు.

మర్నాడు ఆయన రింగు ఇవ్వలేదు. వ్యాయామమూ చెయ్యలేదు. ఆ తర్వాతి రోజూ అంతే. బూట్లు గుమ్మం పక్కన అలాగే పడి ఉన్నాయి.

కండక్టరు తన సెలవు రోజున ఊడిపడ్డాడు. మెట్లెక్కి రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంటన్నా, బండి బయల్దేరడం మానేసింది?"

"నీకెలా తెలిసింది?" అన్నాడాయన, మొహం చూడకుండా.

"రోజూ డ్యూటీ దిగాక చూసుకుంటాగా. మూడు రింగులుంటే హమ్మయ్య అనుకుని పడుకుంటా. రెండ్రోజులుగా ఏమీ లేవు."

"అంతకు ముందు రోజు రెండే ఉన్నాయి."

కండక్టరు ఫోను తీసి వెనక్కి జరిపి చూశాడు. మొహం పాలిపోయింది. "ఆ రోజు చూడకుండానే పడుకున్నట్టున్నానన్నా."

"అప్పటికి నేను పోయుంటే?"

"పోయుంటే..." కండక్టరు తల గోక్కున్నాడు. "ఇవాళ వచ్చేవాణ్ణి."

ఆ మాటకి ఆయనకి ఎక్కడ్లేని నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కండక్టరు నవ్వాలో వద్దో తెలియక బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వాటిని తీసి ఆయన ముందు పెట్టి, "రా, నాకూ నేర్పు. నా పొట్ట చూశావుగా," అన్నాడు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి అడుగులు వేశారు. స్టాపుల పేర్లు చెప్పమంటే కండక్టరు కోర్టు దాటలేకపోయాడు. "తగ్గించు, తగ్గించు. నీకు మాట రావట్లేదు," అని ఆయన వాణ్ణి నెమ్మది చేసి, కుర్చీ పట్టించి, మెల్లగా నిలిపాడు. ప్రతి సెలవుకీ వస్తానన్నాడు కండక్టరు. రెండు మూడు సార్లు వచ్చాడు కూడా. తర్వాత కూతురి పరీక్షలన్నాడు, ఇంటికి సున్నమన్నాడు, ఆపైన ఊరి అవతల డిపోకి బదిలీ అయింది. రింగులు మాత్రం చూసుకుంటున్నానని అప్పుడప్పుడూ చెప్పేవాడు. ఆయన నమ్మేవాడు. నమ్మని రోజు కూడా ఇచ్చేవాడు.

ఏడాది తిరిగాక పరీక్ష చేస్తే డాక్టరు గుండె బాగుందన్నాడు. వీధి ఎత్తు కూడా నిక్షేపంగా ఎక్కొచ్చన్నాడు.

ఆ మధ్య చెల్లెలి అత్తగారు కాలం చేశారు. చెల్లెలు కొన్నాళ్లు ఉండి వెళ్దామని వచ్చింది. మొదటి రోజు ఆయన బూట్లు వేసుకుంటుంటే గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఎన్నాళ్లుగానో ఒక మనిషి పక్కన ఉంటే బాగుండుననుకున్న ఆయనకి, తీరా ఉంటే కాళ్లు కదల్లేదు.

"నువ్వు లోపలికెళ్లవే."

"నేనేం చేశాను? చెయ్యి, చూస్తా."

"నువ్వు చూస్తుంటే నాకు రాదే."

ఆమె మూతి ముడుచుకుని లోపలికి వెళ్లింది. ఆయన మొదలుపెట్టాడు. అయ్యాక ఆమె నీళ్లు తెచ్చిచ్చి, "ఎవరితో మాట్లాడుతున్నావన్నయ్యా ఇందాకట్నుంచీ?" అని అడిగింది.

"ఎవరితోనూ కాదే. అలా మాట్లాడుతూ చెయ్యాలట."

ఆమె గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

వారం ఉండి వెళ్లిపోయింది. ఆయన ఆమెని బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా ఉండి, ఎత్తు వీధిలో ఎక్కడా ఆగకుండా నడిచి ఇంటికొచ్చాడు. ఫ్యాను కింద చెమట ఆరేదాకా కూర్చున్నాడు. వంటింటి గట్టు మీద కడిగి బోర్లించిన కంచాలు రెండు ఇంకా తడిగానే ఉన్నాయి. లేచి వెళ్లి, ఒకటి తుడిచి పై అరలో పెట్టేశాడు.