చెప్పకుండా వచ్చేసిన పరామర్శ

పక్కింటి పెద్దాయన బిల్‌కి ప్రాణమైన కంట్రీ మ్యూజిక్ సింగర్ ఒకాయన పోయాడట. ఈ మధ్యాహ్నం, ఆస్ట్రేలియాలో మేముండే వెర్రిబీలో, మా వీధంతా దద్దరిల్లేలా ఆ సింగర్ గ్రేటెస్ట్ హిట్స్ సీడీ పెట్టాడు. నేను ఇంట్లోంచి చేస్తున్న ఆఫీసు మీటింగ్ మధ్యలోంచి లేచి, సౌండ్ తగ్గించమని చెబుదామని విసవిసా వెళ్లాను. తీరా చూస్తే బిల్ వరండాలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంకేమంటాను? పక్కనే కూలబడి నాలుగు పాటలు విన్నాను. చావింటి నుంచి "వెళ్లొస్తాను" అని చెప్పి రాకూడదు కదా, అందుకని మన పద్ధతిలో మౌనంగా లేచి వచ్చేశాను.

కాసేపటికి పాట ఆగింది. బిల్ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"సారీ మేట్, బై కూడా చెప్పకుండా వచ్చేశావు. సౌండ్ ఎక్కువై కోపమొచ్చిందా?"

"ఆ పెద్దాయన్ని ఏమన్నారండీ?" అంటూ మా ఆవిడ నామీద గుడ్లురిమింది.

మన ఆచారం వివరించాను. బిల్ శ్రద్ధగా విని, "మంచి పద్ధతే. కానీ రెండో సీడీ ఇంకా ఉంది, పద" అన్నాడు.

అదీ విన్నాను. ఈసారి గేటు దగ్గర ఆగి, "వెళ్లొస్తా బిల్" అని తెలుగులోనే గట్టిగా చెప్పి మరీ వచ్చాను. పెద్దలెవరైనా నన్ను తిట్టేముందు ఒక్క మాట చెప్పండి: పోయినాయన ఇంకా పాడుతూనే ఉంటే అది చావిల్లు ఎలా అవుతుంది?