మూడు వందల వేగం

నా తమ్ముడు గల్ఫ్‌లో ఎడారి అంచున ఉన్న ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పని చేస్తాడు. విమానాలు తుడవడం, షెడ్డులోంచి బయటికి తోయడం, రెక్కలకు తాళ్ళు కట్టడం వాడి పని. అక్కడ మామూలు చిన్న విమానాలతో పాటు ఒకే ఒక్క మోటార్ గ్లైడర్ ఉంది. పొడుగు రెక్కలు, చిన్న ఇంజను. పైకి వెళ్ళాక ఇంజను ఆపేసినా గాలి మీద తేలుతూ దిగుతుంది. పైలట్‌కి మనసు బాగున్న రోజు వీడిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతాడు. వీడు ఎక్కేది ఆ ఒక్కదాన్నే.

ఆ ఉదయం తంగళ్ళపల్లిలో నేనింకా చాయ్ కూడా పెట్టుకోలేదు, కోరుట్ల నుంచి వాడి భార్య ఫోన్ చేసింది.

"వదినె, ఆయన ఫోను ఎత్తుతలేడు. గ్రూపుల ఏందో వార్త అచ్చింది, సూసినవా?"

చూశాను. వాడుండే ఊరి దగ్గర మోటార్ గ్లైడర్ ఒకటి ఇసుకలో కూలింది. లోపల ఇద్దరున్నారు, ఎవరో రాయలేదు. పడేటప్పుడు గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో ఉందని అక్కడ పనిచేసే ఒకతను చెప్పాడట.

ఆ ఇద్దరిలో ఒకడు మా వాడే అనుకున్నాను. కానీ ఆ మూడు వందల దగ్గర ఆగాను. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు వాడే అన్నాడు, "మాది నిమ్మళంగ పోతదక్కా. రెండొందలకు జర ఇటే. ఎక్కువ ఉరికిస్తే రెక్కలు వణుకుతయి" అని. అయితే పడింది గ్లైడర్ కాదు. రాసినవాడు మామూలు విమానాన్నే గ్లైడర్ అనుకుని ఉంటాడు. అందులో మా వాడు ఉండడు. మరదలికి ఇదే గట్టిగా చెప్పి, ఆమెను ఒంటరిగా ఉంచలేక బయలుదేరాను.

సిరిసిల్లలో జగిత్యాల బస్సెక్కి కూర్చున్నాక ఆ ధైర్యం సడలింది. పక్క వీధిలోంచి మరమగ్గాల చప్పుడు వస్తుంటే మా బాపు నడిపిన షెడ్డు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎవరైనా వచ్చి మగ్గం స్పీడ్ ఎంత అంటే, నేనూ తమ్ముడూ మోటారు రేకు మీద ఉన్న పెద్ద అంకె చదివి చెప్పేవాళ్ళం. మోటారు అంత వేగంగా మగ్గం ఎక్కడ ఆడుతుంది? అయినా అడిగినవాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు.

ఈ మూడు వందలు కూడా అట్లాంటిదే అయితే? కింద నిలబడి చూసినవాడికి వేగం ఎట్లా తెలుస్తుంది? పోనీ, పైనుంచి పడే గ్లైడర్‌కు వేగం పెరగదా? అంకె తప్పయితే పడింది గ్లైడరే. ఆ తర్వాత ఆలోచించడానికి భయమేసింది.

కొండగట్టు గుడి దారి దగ్గర బస్సులో అందరూ దండం పెట్టారు. నేనూ పెట్టాను. తమ్ముడు బాగుండాలని మొక్కాల్సింది పోయి, ఆ మూడు వందలు నిజం కావాలి స్వామీ అని మొక్కాను. ఏం మొక్కో అది!

జగిత్యాలలో బస్సు మారి కోరుట్ల చేరేసరికి మరదలు ఫోన్ పట్టుకుని గడపలోనే కూర్చుని ఉంది.

"గా పడింది మనది కాదు గద వదినె?"

"మూడొందలు మనది పోదే" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

అంతలో ఆమె చేతిలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె ఎత్తలేకపోయింది, నేనే తీసుకుని హలో అన్నాను.

"అక్కా, నువ్వా? నేను మంచిగనే ఉన్న. వీడియో తీసిన్నని నా ఫోను పోలీసులు తీస్కున్నరు. దోస్తు ఫోన్ల కెళ్ళి చేస్తున్న."

ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "పడింది ఏదిరా?"

"మాదే, గ్లైడరే. ఇయ్యాల పక్క సీట్ల వేరేటాయన ఎక్కిండు. ఇద్దరు దవాఖానల ఉన్నరు, పాణానికి ఏం గాలే."

"మరి మూడొందల స్పీడని గా మాట ఎవడు జెప్పిండురా?"

"నేనే అక్కా. ఎంత స్పీడున్నది, ఎంత స్పీడున్నదని ఒక్కటే అడుగుడు. దాని మీటరుల ఆఖరికి మూడొందలు రాసుంటది. గదే జెప్పిన."

పొద్దుటి నుంచి ఆ వార్త ఎన్నిసార్లు చదివానో. అక్కడ పనిచేసే ఒకతను చెప్పాడన్న చోట ఒక్కసారీ ఆగలేదు. వాడు బతికే ఉన్నాడన్న మాట నా చేతిలోనే పెట్టుకుని, దేవుడిని అంకె కోసం అడిగాను.