అమ్మ బాయిలర్‌కు నేను పెట్టిన పొగగొట్టం

కొన్నాళ్ళు నన్ను మేస్త్రీ అని పిలవొద్దప్పా. టీ తాగండి, చెప్తాను. మొన్న మా అమ్మ కోసం ఒక పొగగొట్టం పెట్టినాను. అదే అమ్మను మళ్ళీ వేలూరు ఆసుపత్రికి పంపించింది.

గుడియాత్తంలో మా ఇంట్లో పాత రాగి బాయిలర్ ఉండాది. కింద టెంకాయ చిప్పలేసి మంట పెడితే పైన నీళ్ళు కాగుతాయి. హీటర్ కొనిస్తానంటే అమ్మ వద్దంటాది, కరెంటు నీళ్ళు ఒంటికి పట్టవంట. ముప్పై ఏండ్లు ఆ బాయిలర్ ముందర కూర్చొని ఊదింది. పొగంతా బాత్రూంలోనే. "నాయనా, దీనికొక గొట్టం పెట్టియ్యి" అని ఎన్నిసార్లు అడిగిందో. "ఈ సైటు అయిపోనీమ్మా" అంటా వచ్చినాను. ఊర్లో ఎన్ని ఇండ్లకు పెట్టినానో, మా ఇంటికి మాత్రం టైం లేదు. పోయిన నెల అమ్మకు ఊపిరాడక వేలూరుకు ఎత్తుకొని పోయినాము. ఇంక పొగ తగిలితే కష్టం అన్నాడు డాక్టరు. నాకు సిగ్గేసింది.

అమ్మ ఇంటికొచ్చేలోపల పని మొదలుపెట్టినాను. పీవీసీ పైపు కరిగిపోతాది, ఆస్బెస్టాస్ వేడికి పగులుతాది. అందుకని జీఐ ఇనుప పైపు తెచ్చినాను. వంపులెక్కువైతే పొగ లాగదు కదా, ఒక్క ఎల్బోతోనే గోడ దాటించి, మిద్దె పిట్టగోడకంటే మూడడుగులు పైకి నిలబెట్టినాను. ఇంత శ్రద్ధగా ఎవరింటికీ చేయలేదు, నిజం.

పని ముగిస్తే మేము ఒకటి చేస్తాము, తెలుసు కదా. కొత్త కట్టడానికి దిష్టి తగలకుండా మట్టికుండకు సున్నం బొట్లు పెట్టి, కండ్లు, మీసాలు గీసి మిద్దెపైన కర్రకు బోర్లిస్తాము. ఇరవై ఏండ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. అమ్మ గొట్టం కదా అని పెద్ద కుండే తెచ్చినాను. పైపు మీద బోర్లించి, గాలికి పడిపోకుండా చుట్టూ సిమెంటు కూడా పూసినాను.

అమ్మ వచ్చిన మర్నాడు పొద్దున బాయిలర్ ముందర కుర్చీ వేసి కూర్చోబెట్టినాను. "చూడమ్మా, ఇంక పొగే రాదు" అని నేనే అగ్గిపుల్ల గీసినాను. రెండు నిమిషాలకు పొగంతా వెనక్కి తిరిగి వచ్చింది. "పైపు వేడెక్కితే లాగుతాదిలేమ్మా" అని ఇంకో నాలుగు చిప్పలేసినాను. అమ్మ దగ్గుతానే "బాగుండాది నాయనా" అంటాది. నా పెండ్లాం బయటికి ఉరికి మిద్దెపైకి చూసింది.

"ఏమయ్యా, గొట్టం నోరు మూసి మీసాలు పెట్టినావే, పొగ యాడ పోతాది?"

వేలూరులో మళ్ళీ అదే డాక్టరు. "ఎవరమ్మా నీ దగ్గర పొగ పెట్టింది?" అని అరవంలో అడిగినాడు. అమ్మ ముఖం మీది మాస్కు పక్కకు జరిపి, "పక్కింటాయన సార్, చెత్త కాల్చినాడు" అనింది. నా పక్క చూడనే లేదు. ఇన్నేండ్లు గొట్టం అడిగిన మనిషి, ఊపిరాడకుండా పడుకొని కూడా నన్ను కాపాడుతా ఉండాది.

డాక్టరు నా వైపు తిరిగినాడు. "ఆ మనిషికి కొంచెమైనా బుద్ధి ఉండాదా?"

"లేదు సార్" అన్నాను.