చుక్కలు కిందవైపు

నల్లచెక్క మేస్త్రి పల్లెటూరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఆ పైన చదవకపోవడం వల్ల బడికే నష్టం గానీ ఆయనకేం లోటు రాలేదు. ఆయన బిగించిన తలుపు ఎంత ముసురు పట్టినా బిగుసుకోదు. ఆయన చేసిన మంచం కిర్రుమందంటే అది పడుకున్నవాడి ఎముకల చప్పుడే తప్ప మంచానిది కాదు. హైస్కూలు లెక్కల మాస్టారు స్కేలు పట్టి కొలిచిన కిటికీని ఈయన కంటితో చూసి, “అర అంగుళం వంకర” అన్నాడు. వంకరే!

అంతటివాడి చెయ్యి బాస్ గిటారు మీద పడిందంటే అది భార్య పుణ్యమే. ఆవిడ బట్టలు కుట్టేది. మోకాళ్లు మొరాయించి మిషను మానేశాక, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని బాస్ నేర్చుకుంది. మేస్త్రి చెల్లెలు అప్పటికే డ్రమ్ములు బాదుతోంది. వదినా ఆడపడుచూ కలిసి రిటైరైన బస్సు కండక్టరు గారి బ్యాండులో చేరారు. కండక్టరు గారు పాడతారు.

బాస్‌కి నాలుగు లావుపాటి తీగలు, పొడుగాటి మెడ ఉంటాయి. మెడ మీద వేళ్లు నడిచే పలకే ఫింగర్‌బోర్డు. దాని గురించి మేస్త్రి మొదలుపెట్టాడంటే విన్నవాళ్ల కాఫీ చల్లారిపోవాల్సిందే.

“మేపుల్ తెల్లటి చెక్క. గాజు గ్లాసు మీద గరిటెతో కొట్టినట్టు ఖంగుమంటుంది. రోజ్‌వుడ్డేమో దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. ఇక ఎబొనీ! నల్లగా, రాయిలా, ఉలికే చెమటలు పట్టించే చెక్క. మగాడంటే ఎబొనీ!”

“మీ తలా అంతేగా, ఉలి దిగదు” అనేది భార్య.

ఆవిడ బాస్‌కి ఫ్రెట్లు అరిగిపోయాయి. ఫ్రెట్లంటే పలక మీద అడ్డంగా ఉండే ఇనప కడ్డీలు, వీణకు మెట్లలాంటివి. అరిగిన చోటల్లా తీగ జుయ్యిమని ఏడ్చేది. కండక్టరు గారు ఓపిక పట్టి పట్టి చివరికి చెప్పేశారు. “అమ్మా, ఈ ఆదివారం కూడా స్వరం తప్పిందంటే బాస్ పని కీబోర్డుకి అప్పగిస్తా. ఏమీ అనుకోకండి.”

ఆవిడకి ఆ రోజు అన్నం సహించలేదు. బ్యాండులో ఆ చోటు పోతే మళ్లీ గోడ గడియారం చూస్తూ కూర్చోవడమే.

“నేనుండగా నీకెందుకే బెంగ?” అని మేస్త్రి బాస్ తీసుకుని వర్క్‌షాపులో దూరాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఎవర్నీ రానివ్వలేదు. మెరుగు ఆరాలన్నాడు. తీరా సాయంత్రం కచేరీ హాల్లో, వేదిక మీదే సంచీ విప్పాడు. కొత్త ఎబొనీ పలక నల్లగా, నున్నగా, అద్దంలా మెరిసింది. దాని మీద కడ్డీ ఒక్కటీ లేదు!

“అరిగినవి మార్చమంటే మొత్తం పీకేశారేంటండీ!”

“మెట్లుంటే ఎవరైనా ఎక్కుతారే. ఇది ఫ్రెట్‌లెస్. జారుడుబల్ల! ఎక్కడ నొక్కాలో అంచు మీద తెల్ల చుక్కలు పెట్టాగా, చూసుకో.”

ఆవిడ బాస్ భుజానికి తగిలించుకుని అంచు చూసింది. నల్లటి నలుపు. మెడ వంచి మళ్లీ చూసింది.

“ఏవీ మీ చుక్కలు?”

డ్రమ్ముల వెనకనుంచి చెల్లెలు వంగి చూసింది. “వదినా, కిందవైపున్నాయే! అన్నయ్యా, వదిన కళ్లు మోకాళ్లలో ఉన్నాయనుకున్నావా?”

మేస్త్రి వంగి కింది అంచు తడిమాడు. జన్మంతా తలుపు చట్రాల్ని ఎలా పడుకోబెట్టాడో బాస్‌నీ బల్ల మీద అలాగే, తల కుడిచేతి వైపుకు పెట్టి పడుకోబెట్టాడు. తన వైపున్న అంచుకి చుక్కలు పొదిగాడు. అది వాయించేవాళ్లకి నేలవైపు అంచు.

“దానికేముంది, పైన తెల్ల స్టిక్కర్లు అంటిద్దాం” అంది చెల్లెలు.

“నా ఎబొనీ మీద స్టిక్కర్లా! పట్టుచీరకి గోనెగుడ్డ మాసికా! చచ్చినా ఒప్పుకోను.”

“మరేం చేస్తారు? నా చోటు పోతోందండీ” అంది భార్య.

కండక్టరు గారు పాట మొదలెట్టేశారు. మేస్త్రి కండువా తీసి నేల మీద పరిచాడు. భార్య కాళ్ల దగ్గర వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. చుక్కలన్నీ కనిపించాయి.

“ముందుకి... ఇంకో గోరంత... ఆఁ! అక్కడ నొక్కు!”

“మెల్లగా అనండి, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. వెనక్కిరా, వెనక్కి! అతిగా జారావు!”

ముందు వరసవాళ్లు కిసుక్కుమన్నారు. అయినా బాస్ మాత్రం శ్రుతిలో నిలబడింది. జుయ్యిమనే ఏడుపు లేదు. బరువుగా, గుండ్రంగా, హాలు గోడలకి ఆనుకుని నడిచింది. రెండో చరణం వచ్చేసరికి ఆయన “ముందుకి” అనేలోపే ఆవిడ వేలు చుక్క మీద ఉంటోంది.

“మీరు వెనకబడుతున్నారు” అంది ఆవిడ, పెదవి కొరికి నవ్వాపుకుంటూ.

పాట అయిపోగానే కండక్టరు గారు మైకు పక్కకి పెట్టి, “అమ్మా, మీ చోటుకి ఢోకా లేదు. కీబోర్డుకి దాని పనేదో దానికుంది. కానీ మేస్త్రి గారిని తొక్కుతానేమోనని చరణం చరణానికీ హడలి చచ్చా” అన్నారు.

మేస్త్రి లేవబోయాడు. నడుం పట్టేసింది. పడుకునే, హాలంతటికీ వినపడేలా ప్రకటించాడు. “నేల మీద నుంచి బ్యాండు నడిపిన మేస్త్రి నాకు ముందు ఒక్కడు లేడు!”

“తర్వాత కూడా ఉండడులే” అంది చెల్లెలు, ఒక రెక్క పట్టుకుంటూ.

భార్య రెండో రెక్క పట్టుకుంది. “రేపే చుక్కలు పై అంచుకి మార్చాలి. వింటున్నారా?”

“మార్చడమెందుకే? పైనా పొదుగుతా. పైవి నీకు, కిందవి నాకు.”

“ముందు లేవండి మహానుభావా, తర్వాతి పాట ఎత్తుకుంటున్నారు.”